స్వీడన్‌లో పీహెచ్‌డీ కూడా నౌకరీయే

నల్లగొండలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాడిని. మహాత్మాగాంధీ, పాలమూరు యూనివర్సిటీల్లో ఎమ్మెస్సీ చేసిన పిల్లలు ఇప్పటికీ ఇంటికొచ్చి, "సార్, యూరప్‌లో పీహెచ్‌డీ ఎట్లా?" అని అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేవే ఇవి.

1. స్వీడన్, నార్వే, డెన్మార్క్‌లలో పీహెచ్‌డీ అంటే చాలావరకు జీతమిచ్చే కొలువే. ప్రకటన పడుతుంది, ఇంటర్వ్యూ ఉంటుంది, కాంట్రాక్టు రాసుకుంటారు. స్వీడన్‌లో నాలుగేళ్లు, క్లాసులు కూడా చెబితే ఐదేళ్ల దాకా సాగుతుంది. నార్వేలో మూడు, బోధన కలిస్తే నాలుగు. ఫిన్లాండ్‌లో మాత్రం జాగ్రత్త బిడ్డా: అక్కడ అడ్మిషన్ వేరు, జీతం వేరు.

2. మాస్టర్స్‌కు మన పిల్లల దగ్గర స్వీడన్ 2011 నుంచి, నార్వే 2023 నుంచి ఫీజు తీసుకుంటున్నాయి. ఏజెంట్లు చూపించేది ఎక్కువగా ఆ సీట్లనే. పరిశోధన పోస్టుకు దరఖాస్తు పెట్టడానికి ఎవరికీ పైసా ఇవ్వనక్కర్లేదు.

3. నార్వే ఖాళీలు జాబ్‌నోర్గేలో, యూరప్ అంతటివి యురాక్సెస్‌లో దొరుకుతాయి. స్వీడన్‌కైతే ఒక్కో యూనివర్సిటీ ఖాళీల పేజీ చూడాల్సిందే. వందమంది ప్రొఫెసర్లకు ఒకటే మెయిల్ కొట్టే పని మానండి. అది ఎవరూ చదవరు.

4. ఇది అన్నింటికన్నా ముఖ్యం. మనవాళ్ల సీవీల్లో "హార్డ్ వర్కింగ్, సిన్సియర్" అని ఉంటుంది. దాంతో ఎంపిక చేసేవాళ్లకేం తెలుస్తుంది? "మర్రిగూడ మండలంలో బోరు నీళ్ల నమూనాలు తెచ్చి, అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్‌తో ఫ్లోరైడ్ కొలిచాను, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటినవి ఇన్ని" అని రాయండి. మన జిల్లా ఫ్లోరైడ్ బాధ చిన్న విషయం కాదు: పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందిస్తే, అది ప్రపంచమంతటా నల్లగొండ టెక్నిక్ పేరుతోనే చలామణి అయింది. నార్వే సంస్థ బయోఫోర్స్క్ మన నీటి, భూమి యాజమాన్య శిక్షణ సంస్థ వాలంతరితో కలిసి క్లైమాఅడాప్ట్ ప్రాజెక్టులో వరి, నీటి పొదుపు మీద పనిచేసింది. మన నీళ్ల గోస వాళ్లకు పరిశోధనాంశం. అది మీకు చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతి, సిగ్గుపడి దాచుకోకండి. ప్రకటనలో అడిగిన పనికీ మీరు చేసిన పనికీ ఎక్కడ కలుస్తుందో ఒక పేజీలో చెప్పండి.

5. స్వీడన్‌కు 240 యూరప్ క్రెడిట్లు కావాలి, అందులో 60 మాస్టర్స్ స్థాయివి. ఉత్త బీటెక్‌తో కష్టం. కన్సాలిడేటెడ్ మెమో, డిగ్రీ పట్టా, థీసిస్ ముందే స్కాన్ చేసి పెట్టుకోండి. పట్టా కోసం యూనివర్సిటీ కౌంటర్ చుట్టూ తిరగడానికి ఎన్నాళ్లు పడుతుందో మీకు తెలిసిందే.

6. రిఫరెన్స్‌కు ఒక సారు పేరు ఇచ్చే ముందు ఆ సారుకు ఫోన్ చేయండి. మీరే ఉత్తరం రాసి సంతకం పెట్టించుకునే మన అలవాటు అక్కడ చెల్లదు. వాళ్లు నేరుగా సారునే అడుగుతారు.

7. పోస్టు రాకపోతే ముఖం వేలాడేయకండి. స్వీడన్ ప్రభుత్వ యూనివర్సిటీకి చేరిన దరఖాస్తులు పబ్లిక్ రికార్డు. ఆ పోస్టుకు ఎంపికైనవారి దరఖాస్తును అడిగి తెప్పించుకుని చదవండి, ఆ తర్వాతే ఇంకోటి పెట్టండి.