ఆగిన ఊరి పేరు చెప్పండి

2022 సెప్టెంబరు 12న అమరావతి రైతులు వెంకటపాలెంలో బయలుదేరారు. అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడి దాకా నడవాలన్నది సంకల్పం. రేపల్లె వైపు నుంచి వచ్చి, పెనుమూడి–పులిగడ్డ వారధి దాటి దివిసీమలో కాలుపెట్టారు. మోపిదేవి, చల్లపల్లి, బందరు, గుడివాడ మీదుగా సాగారు. నలభై ఒకటో రోజున, అక్టోబరు 22న, కోనసీమ జిల్లా రామచంద్రపురంలో ఆ నడక ఆగింది. అరసవల్లి ఇంకా చాలా దూరంలో ఉంది.

వాళ్ళ నడకకు మూలమైన, రాజధాని ఎక్కడుండాలన్న వాదన ఈ వ్యాసం విషయం కాదు. దాని మీద ఎవరి అభిప్రాయం వారికి ఉంటుంది. నేను చూస్తున్నది వాళ్ళు ఆగిన తీరు. యాత్రలో ఆరువందల మందికి మించకూడదని, నడిచేవారి దగ్గర గుర్తింపు కార్డులుండాలని, మద్దతిచ్చేవారు రోడ్డు పక్కనే నిలబడాలని హైకోర్టు షరతులు పెట్టింది. వాటి అమలు దగ్గర పోలీసులకూ రైతులకూ పేచీ వచ్చింది. అప్పుడు నిర్వాహకులు విరామం ప్రకటించారు, కారణం చెప్పారు, కోర్టులోనే తేల్చుకుంటామన్నారు. ఏ రోజున, ఏ ఊళ్ళో, ఎందుకు ఆగారో దారి పొడవునా అన్నం పెట్టినవాళ్ళందరికీ తెలిసింది.

విడి మనుషులం మనం ఇలా ఆగలేం. భవానీ దీక్షల రోజుల్లో బందరు రోడ్డు మీద బెజవాడకు నడిచే బృందాలను ఏటా చూస్తుంటాను. ఎర్రబట్టల గుంపులో ఒకరు వెనకబడి కుంటుతుంటారు. పలకరిస్తే "ఏం లేదండీ, బానే ఉంది" అంటారు. బాగాలేదని వాళ్ళకూ తెలుసు, పక్కనున్నవాళ్ళకూ తెలుసు. వాళ్ళను నడిపిస్తున్నది అప్పటికి భక్తి కూడా కాదు, వాడకట్టులో ఏమనుకుంటారోనన్న భయం. బయలుదేరేటప్పుడు బొట్టుపెట్టి సాగనంపినవాళ్ళకు ముఖం ఎలా చూపించాలన్న బాధ. ఆ బాధతోనే కొందరు మడమ పగిలి చీము పట్టేదాకా నడుస్తారు. కొందరు చీకట్లో ఆటో ఎక్కి నాలుగు ఊళ్ళు దాటి, తెల్లారాక మళ్ళీ గుంపులో కలుస్తారు. ఇంకొందరు ఇంటికి వచ్చేసి, నడిచిన దూరం కూడా నడవలేదన్నట్టు ఆ ఊసే ఎత్తరు. ఈ మూడింటిలోనూ పోగొట్టుకునేది ఒకటే, నిజంగా నడిచిన నడక. ఆటో ఎక్కిన మనిషి తాను సొంతంగా నడిచిన ముప్పై కిలోమీటర్లనూ మనసారా చెప్పుకోలేడు.

బందరు తీరంలో పుట్టినవాళ్ళకు వెనక్కి రావడం కొత్త కాదు. పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారంటే గిలకలదిండి పడవలు ఒడ్డు పడతాయి. వేట సగంలోనే ఉండొచ్చు, డీజిలు ఖర్చు మీదపడొచ్చు. అయినా సరంగును ఎవరూ పిరికివాడనరు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేల ప్రాణాలు తీసుకుపోయింది. ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోవడం చూసిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. సముద్రం మీదికి వెళ్ళడం ఎంత పనితనమో, వేళకు తిరిగి రావడమూ అంతే పనితనమని ఈ తీరానికి తెలుసు. ఆ మర్యాదను రోడ్డు మీద నడిచేవాడికి ఎందుకు ఇవ్వం? ఇవ్వాలి. కుంటుతున్న మనిషిని "ఇంకెంత, వచ్చేశాం" అని తోసేవాళ్ళు ముందుగా ఇది ఆలోచించాలి.

తెలుగు నేల మీద పెద్ద పాదయాత్రలు చేసినవారికీ ఆగక తప్పలేదు. పార్టీలను పక్కనపెట్టి కాళ్ళ సంగతి మాత్రమే చూడండి. వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2003 ఏప్రిల్ 9న చేవెళ్ళలో బయలుదేరి, ఎండల్లో నడిచి, రాజమండ్రిలో జబ్బుపడ్డారు. కొన్నాళ్ళు అక్కడే ఉండి కోలుకున్నాకే ఇచ్ఛాపురం దారి పట్టారు. షర్మిల యాత్ర 2012 డిసెంబరులో మోకాలి గాయంతో రంగారెడ్డి జిల్లాలో ఆగింది. శస్త్రచికిత్స జరిగి, 2013 ఫిబ్రవరి 6న మళ్ళీ మొదలై ఆగస్టులో ఇచ్ఛాపురం చేరింది. లోకేశ్ యాత్ర 2023 సెప్టెంబరులో, తండ్రి అరెస్టు కావడంతో, రాజోలు దగ్గర పొదలాడలో ఆగింది. నవంబరు 27న అదే పొదలాడ నుంచి కదిలింది. నాలుగువేల కిలోమీటర్లు అనుకున్నది 3,132 దగ్గర, విశాఖ శివార్లలోని అగనంపూడిలో ముగిసింది. ఒకరిని ఆపింది వడగాలి, ఒకరిని మోకాలు, ఒకరిని ఇంటి కష్టం. మళ్ళీ నడవాలనుకున్నప్పుడు మొదటి ఊరికి పోయి లెక్క కొత్తగా పెట్టలేదు.

అమెరికాలో అపలాచియన్ ట్రైల్ అని ఒక కొండదారి ఉంది. సుమారు 3,500 కిలోమీటర్లు. మన పిల్లలు చాలామంది ఉండే న్యూజెర్సీ, వర్జీనియా, జార్జియా మీదుగా పోతుంది. ఒకే ఏడాదిలో మొత్తం నడుద్దామని బయలుదేరేవారిలో దాదాపు నలుగురికి ఒక్కరే చివరికంటా చేరతారు. మిగిలిన ముగ్గురూ సోమరులు కారు. నెలల తరబడి సాధన చేసి, ఉద్యోగాలకు సెలవు పెట్టి వచ్చినవారే. ఆ దారిని చూసుకునే సంస్థ పాటించే పద్ధతి నాకు ఎంతో నచ్చింది. ఒక్క ఊపున నడిచినా, ఏడాదికి కొంత చొప్పున ఇరవై ఏళ్ళకు పూర్తిచేసినా, ఇద్దరినీ ఒకే పేరుతో, ఒకే జాబితాలో గుర్తిస్తుంది. వాళ్ళు అడిగేది ఒకటే, దారంతా నిజంగా నడిచారా అని.

ఎప్పుడు ఆగాలన్నది దారిలో, ఎండలో, అలసిన బుర్రతో తేల్చుకునే విషయం కాదు. ఇంట్లో ఉండగానే తేల్చుకోవాలి. మీ మేలు కోరే ఒకరిని, భార్యనో, తమ్ముణ్ణో, మొహమాటం లేకుండా మాట్లాడే స్నేహితుణ్ణో ఎంచుకొని "ఫలానా జరిగితే నన్ను ఆపు, నేను కాదన్నా ఆపు" అని చెప్పి బయలుదేరండి. బొబ్బలు సాధారణంగా ఆపాల్సినవి కావు. శుభ్రం చేసి, కట్టుకట్టి, పొడి మేజోళ్ళు వేసుకుంటే నడక సాగుతుంది. రాత్రంతా పడుకున్నా తగ్గకుండా, ఎముక మీద ఒక్కచోటే పోటుపెట్టే నొప్పి వేరు. దానితో నడవకూడదు. షుగరు ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి, పుండు పడినా తెలియకపోవచ్చు. వాళ్ళు రోజూ రాత్రి అరికాళ్ళు ఎవరితోనైనా చూపించుకోవాలి. మన డెల్టాలో గాలి తేమగా ఉంటుంది, చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. నడుస్తున్న మనిషి మాట తడబడినా, ఎక్కడున్నాడో తికమకపడినా, ఒళ్ళు కాలిపోతున్నా ఇక చర్చ లేదు. నీడకు చేర్చి, తడిగుడ్డలతో తుడుస్తూ 108కి ఫోన్ చేయాలి.

మొక్కుకొని బయలుదేరినవారి బాధ ఇంకో రకం. మధ్యలో ఆగితే అమ్మవారికి కోపం వస్తుందని, ఇంట్లో ఏ చెడు జరిగినా దానివల్లేనని కుమిలిపోతారు. ఈ భయాన్ని కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. అది వాళ్ళ నమ్మకంలోంచి వచ్చింది. దీక్ష ఇచ్చిన గురుభవానితోనే మాట్లాడమంటాను. మిగిలిన దూరం బస్సులో వెళ్ళి, దర్శనం చేసుకొని, ఇక్కడిదాకా నడిచాను, ఇంత మిగిలింది అని ఆ తల్లి ముందే చెప్పుకోవచ్చు. దాచిపెట్టి చేసుకున్న దర్శనం కన్నా అది మనసుకు తేలిక.

తిరిగొచ్చాక మొదటి వారం కష్టంగా గడుస్తుంది. నాలుగింటికే మెలకువ వస్తుంది, వెళ్ళడానికి దారి ఉండదు. కనిపించినవాళ్ళంతా అడుగుతారు. "పామర్రు దగ్గర ఆగాను, మోకాలు వాచింది" అని చెప్పండి. ఊరి పేరు, కారణం, అంతే. సంజాయిషీ పెంచినకొద్దీ అడిగేవాళ్ళూ పెరుగుతారు. ఆగిపోయినదాన్ని గెలుపని పేరు మార్చి చెప్పుకొమ్మనే మాటలూ వినకండి. దుఃఖం ఉంటే ఉండనివ్వండి, కోరుకున్నది అందలేదు కాబట్టి ఉంటుంది. కాలు కుదుటపడ్డాక దారిలో మజ్జిగ ఇచ్చిన ఇల్లూ, పడుకోవడానికి అరుగు ఇచ్చినవాళ్ళూ గుర్తుంటే ఒకసారి వెళ్ళి కలవండి. మీరు గమ్యం చేరారా లేదా అన్న పట్టింపు వాళ్ళకు ఉండదు, మనిషి బాగున్నాడా అని చూస్తారు.

డాక్టరు సరేనన్నాక, ఎండలు తగ్గాక, మళ్ళీ నడవాలనిపిస్తే బందరు బస్టాండులో పామర్రుకు టికెట్ తీసుకోండి. అక్కడ దిగి బెజవాడ వైపు నడవండి.