కారులో పాత పటం

మా పిన్ని వాళ్లకు ఒక కారు ఉంది. పసుపు నంబరు ప్లేటు కారు. అంటే కిరాయికి తిప్పే కారు. పిన్ని డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుంది. బాబాయి గేదెను అమ్మి కొంత కలిపాడు. సెకండ్ హ్యాండు కారు కొన్నారు. అది 2016లో తయారైన కారు. పిన్ని కొడుకు, అంటే మా తమ్ముడు, దాన్ని నడుపుతాడు. వాళ్లది ఇబ్రహీంపట్నం పక్క ఊరు. కిరాయిలు ఎక్కువగా విజయవాడకే.

ఆ కారులో స్టీరింగు పక్కన ఒక చిన్న తెర ఉంది. కారుతోపాటే వచ్చిన తెర. దాని మీద రోడ్లు గీతల్లా కనిపిస్తాయి. మన కారు ఎక్కడుందో ఒక బాణం గుర్తు చూపిస్తుంది. "ఎడమకు తిరగండి, కుడికి తిరగండి" అని చెబుతుంది కూడా. దీన్నే నావిగేషన్ అంటారు. దారి చూపే ఏర్పాటు అన్నమాట.

ఒకరోజు తమ్ముడు విసుక్కుంటూ వచ్చాడు.

"అమ్మా, ఈ తెర పిచ్చిదే. కనకదుర్గ వంతెన మీద పోతుంటే ఎడమకు తిరగమంటుంది. వంతెన మీద ఎడమ ఎక్కడుందే? తిరిగితే కృష్ణలో పడాలి."

పిన్ని నన్ను అడిగింది. "ఏమే టీచరమ్మా, అది ఆకాశంలోంచి చూసి చెబుతుందన్నావుగా. పైనుంచి చూసేదానికి అంత వంతెన కనపడలేదా?"

మంచి ప్రశ్న. చాలామంది అలాగే అనుకుంటారు. నేను కూడా అలాగే అనుకునేదాన్ని.

నిజానికి ఈ ఉపగ్రహాలు మన రోడ్లను చూడవు. అవి చేసేది ఒక్కటే. "నేను ఫలానా ఉపగ్రహాన్ని, ఇప్పుడు టైము ఇంత" అని ఎడతెగకుండా సంకేతం పంపుతుంటాయి. ఆ సంకేతం కారు దాకా రావడానికి కాస్త సమయం పడుతుంది. మెరుపు మెరిశాక ఉరుము ఆలస్యంగా వినిపిస్తే పిడుగు దూరంగా పడిందని మనం చెప్పుకోమా? ఇదీ అలాంటి లెక్కే. సంకేతం ఎంత ఆలస్యంగా వచ్చిందో దాన్నిబట్టి ఉపగ్రహం ఎంత దూరమో కారులోని యంత్రం లెక్క కడుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే తాను ఎక్కడున్నదీ దానికి తెలుస్తుంది. అమెరికా వాళ్ల జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి 20,000 కిలోమీటర్ల పైన తిరుగుతున్నాయి. మన దేశానికీ ఇలాంటి ఉపగ్రహాలున్నాయి. వాటి పేరు నావిక్. వాటిలో మొదటిది 2013 జులై 1న మన శ్రీహరికోట నుంచే పైకి వెళ్లింది.

అయితే ఉపగ్రహం వల్ల తెలిసేది మనం ఉన్న చోటు మాత్రమే. అక్కడ రోడ్డు ఉందా, వంతెన ఉందా అన్నది పటం చెప్పాలి. ఆ పటం కారులోనే ఉంటుంది. వేలి గోరంత కార్డులో దాచి పెడతారు. పిన్ని కారులో పటం 2016 నాటిది. కనకదుర్గ వంతెన 2020 అక్టోబరులో తెరిచారు. ఎన్టీఆర్ జిల్లా 2022 ఏప్రిల్‌లో వచ్చింది. ఆ పటానికి ఈ రెండూ తెలియవు. వంతెన ఎక్కినా కింద రోడ్డు మీద పోతున్నామనే అనుకుంటుంది.

"అంటే చోటు సరిగ్గానే చెబుతోంది, పుస్తకం పాతది" అంది పిన్ని.

అంతే.

తమ్ముడు కారు కంపెనీ షోరూముకు వెళ్లి అడిగాడు. ఆ మోడలుకు కొత్త కార్డు రావడం లేదన్నారు. మరి ఏం చేయాలి? సెల్‌ఫోనులో పటం ఎప్పటికప్పుడు కొత్తగా మారుతుంది. ఫోనును స్టాండులో పెట్టుకుంటే సరిపోతుంది. నన్నడిగితే చాలామందికి అదే మేలు. కానీ తమ్ముడు రాత్రిళ్లు ఆసుపత్రి కిరాయిలు వేస్తాడు. చిన్న ఫోనులోకి వంగి చూడటం పిన్నికి భయం. ఎండలో ఫోను కాగిపోతుంది కూడా. అప్పుడు ఎవరో చెప్పారు, ఒక చిన్న పెట్టె దొరుకుతుందని. దాన్ని తెర వెనకాల బిగిస్తే ఫోనులోని పటం ఆ పెద్ద తెర మీదకు వస్తుందట.

ఒక షాపులో అరగంటలో బిగించేశారు. ఆరు వేలు తీసుకున్నారు. బిల్లు అడిగితే "మన దగ్గర బిల్లులుండవమ్మా, గ్యారంటీ నాది" అన్నాడు షాపతను. పటం బ్రహ్మాండంగా కనిపించింది. అందరూ సంతోషించారు.

మూడో రోజు తెల్లవారుజామున 5 గంటలకు కారు స్టార్టు కాలేదు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. ఆ రోజు ఒకామెను డయాలసిస్‌కు తీసుకెళ్లాలి. డయాలసిస్ అంటే కిడ్నీలు చెడినవారికి యంత్రంతో రక్తం శుభ్రం చేయడం. వారంలో ఫలానా రోజు, ఫలానా టైము అని ఉంటుంది. ఆమె అరుగు మీద కూర్చుని ఎదురుచూస్తోంది. బాబాయి పరుగెత్తి ఆటో పిలుచుకొచ్చాడు. ఎలాగో టైముకు చేరింది. పిన్ని మాత్రం రోజంతా అన్నం ముట్టలేదు. "ఆమె నా కారును నమ్ముకుంది కదే" అంటూనే ఉంది.

తర్వాత ఇంకో ఎలక్ట్రీషియన్‌కు చూపించారు. నేనూ వెళ్లాను. అతను డాష్‌బోర్డు విప్పి తల పట్టుకున్నాడు. కారు వైర్లను కోసి, పెట్టె వైర్లను మెలిపెట్టి, పైన టేపు చుట్టి ఉన్నాయి.

"చూడమ్మా, ఇలాంటి పెట్టెకు మామూలుగా మూడు కరెంటు వైర్లుంటాయి. పసుపుది బ్యాటరీ వైరు. అందులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. ఎరుపుది తాళంచెవి తిప్పితేనే కరెంటు రావాల్సిన వైరు. నల్లది ఎర్తు. వాళ్లు ఎరుపును, పసుపును కలిపేశారు. అందుకని కారు ఆపినా మీ పెట్టె నిద్రపోవడం లేదు. రాత్రంతా బ్యాటరీని తాగుతూనే ఉంది."

"నయం, బ్యాటరీతో పోయింది" అన్నాడు మళ్లీ. అతను చూపించింది చూస్తే నాకు వణుకు పుట్టింది. ఆ బ్యాటరీ వైరుకు ఫ్యూజు లేదు. మెలిపెట్టిన చోట టేపు ఊడి, వైరు ఇనుముకు తగిలితే మంట పుట్టేది. ఫ్యూజు ఉంటే అదే ముందు తెగిపోయి కరెంటును ఆపేస్తుంది.

అతను మళ్లీ ఎలా బిగించాడో చెబుతాను. ముందు బ్యాటరీ నల్ల కొస విప్పాడు. నల్లది అంటే మైనస్. దాని దగ్గర "–" గుర్తు ఉంటుంది. విప్పే ముందు తమ్ముణ్ని ఒక మాట అడిగాడు. కొన్ని కార్లలో బ్యాటరీ తీసి పెడితే రేడియో రహస్య అంకె అడుగుతుందట. ఆ అంకె దగ్గర ఉందా అని. తర్వాత కొన్ని నిమిషాలు ఊరికే కూర్చున్నాడు. పిన్నికి ఓపిక లేక "ఏం బాబూ, మొదలుపెట్టవా?" అంది.

"ఎయిర్ బ్యాగులో కరెంటు దిగాలమ్మా" అన్నాడు. ఎయిర్ బ్యాగు అంటే కారు గుద్దుకున్నప్పుడు ఠపీమని ఉబ్బే గాలి సంచి. దాని వైర్లకు సాధారణంగా పసుపు తొడుగు, పసుపు ప్లగ్గు ఉంటాయి. వాటిని ముట్టకూడదు. ముట్టరాని చోట ముడితే సంచి పేలి మొహాన కొడుతుంది. ఇక్కడ తికమక పడకండి. పెట్టె తాలూకు పసుపు వైరు వేరు, కారులోని పసుపు ప్లగ్గు వేరు.

కోసిన వైర్లను అతికి, కప్లర్ తెప్పించాడు. కప్లర్ అంటే ఒకదానిలో ఒకటి దూరే ప్లగ్గుల జత. తెర వెనకాల కంపెనీ ప్లగ్గు ఊడదీసి, మధ్యలో ఈ కప్లర్ పెట్టాడు. ఒక్క వైరు కొత్తగా కోయలేదు. రేపు పెట్టె వద్దనుకుంటే కప్లర్ తీసేయొచ్చు. కారు ఎప్పటిలా ఉంటుంది. కొత్త కారుకైతే ఇది ఇంకా ముఖ్యం. వైరు కోస్తే ఆ భాగానికి గ్యారంటీ వర్తించదని కంపెనీ వాళ్లు అనొచ్చు.

పసుపు వైరుకు ఫ్యూజు పెట్టేటప్పుడు పిన్ని చేయి చాచింది. "ఏదీ, ఇలా ఇవ్వు." కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. ఎర్రగా ఉంది. మీద ఒక అంకె ఉంది. "పది" అని చదివింది. ఎలక్ట్రీషియన్ ఆశ్చర్యపోయాడు. "అవునమ్మా, 10 ఆంపియర్లు. ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. మీ పెట్టె కాగితంలో 10 అని ఉంది, అందుకే ఇది. ఇది తెగిపోయిందని ఎవరైనా 30 పెడితే మాత్రం ఒప్పుకోకు. ఫ్యూజు తెగదు, వైరు కాలుతుంది."

పెట్టె తాలూకు యాంటెన్నా అగ్గిపెట్టెంత ఉంది. దాన్ని ముందు అద్దం కింద, డాష్‌బోర్డు మీద, ఆకాశం కనిపించేలా అతికించాడు. ఇనుప రేకు కింద పెడితే సంకేతం అందదు. వైర్లను స్టీరింగు కిందకు, బ్రేకు పెడళ్ల మీదకు వేలాడకుండా కట్టేశాడు. మూతలు బిగించక ముందే బ్యాటరీ తగిలించి, స్టార్టు చేసి, ఆపి, తాళంచెవి తీసి చూశాడు. పెట్టె దీపం ఆరిపోయింది. అది ఆరిందాకా పిన్ని అక్కణ్నుంచి కదల్లేదు.

ఈసారి బిల్లు అడిగింది. అతను రాసిచ్చాడు. పిన్ని కూడబలుక్కుని చదివింది. తేదీ ఉంది. పెట్టె పేరు ఉంది. డబ్బు ఉంది. "గ్యారంటీ ఎన్నాళ్లో రాయలేదే?" అంది. అతను నవ్వి, "6 నెలలు" అని రాసి సంతకం పెట్టాడు. ఆ బిల్లుతో కారు బీమాలో కూడా రాయించాలి. మనం తర్వాత పెట్టించుకున్న కరెంటు సామాను బీమాలో విడిగా రాస్తేనే లెక్కలోకి వస్తుంది. లేకపోతే అది పోయినా డబ్బు రాదు.

ఇప్పుడు తెర మీద కనకదుర్గ వంతెన కనిపిస్తోంది. అప్పుడప్పుడు కొత్త పటం కూడా తికమక పడుతుంది. పైన వంతెన, కింద రోడ్డు ఒకే చోట ఉంటే ఏది ఎక్కామో దానికి వెంటనే తెలియదు. వానాకాలంలో దారి మునిగిందో లేదో కూడా అన్నిసార్లూ చెప్పదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వీధులకు వీధులే మునిగాయి కదా. అందుకే తమ్ముడు వాన పడితే ఆ ఊరివాళ్లకు ఫోను చేసి అడుగుతాడు. వెళ్లాల్సిన ఊరి పేరు కారు కదలకముందే తెరలో పెట్టుకుంటాడు. పక్కన పిన్ని ఉంటే ఆ పేరు ఆమే చదివి సరిచూస్తుంది.

డయాలసిస్‌కు వెళ్లే ఆమె మళ్లీ పిన్ని కారులోనే వెళుతోంది.

చేసి చూడండి: మీ ఇంట్లోగాని, మీకు తెలిసినవారి ఆటోలోగాని, ట్రాక్టరులోగాని ఫ్యూజు ఎక్కడుందో అడిగి తెలుసుకోండి. చేయి పెట్టకుండా దాని రంగు, దాని మీది అంకె చూసి మీ నోటు పుస్తకంలో రాయండి. ఇంట్లో ఉన్న ఏదైనా ఒక బిల్లు తెచ్చి, అందులో తేదీ, సరుకు పేరు, గ్యారంటీ ఎక్కడున్నాయో మీ పక్కన కూర్చున్న అక్కకు చదివి వినిపించండి.