కారు స్ప్రింగులో దాగిన శక్తి

శీతకాలంలో మంచు కరిగించడానికి రోడ్లపై చల్లే ఉప్పు కారు స్ప్రింగులకు శత్రువు. పైపూత రాలినచోట క్లోరైడు అయానులు తుప్పును వేగిరపరుస్తాయి. తుప్పు తిన్న గుంటలో మొదలైన పగులు గతుకు గతుకుకూ పెరిగి, ఒకనాడు స్ప్రింగు విరుగుతుంది.

విరిగిన స్ప్రింగులోనూ శక్తి మిగిలే ఉంటుంది. మిల్లీమీటరు నొక్కడానికి 25 న్యూటన్ల బలం అవసరమయ్యే స్ప్రింగును 20 సెంటీమీటర్లు నొక్కితే, అందులో నిలువ ఉండే శక్తి 500 జౌల్‌లు. అది 50 కిలోల బియ్యపు బస్తా మీటరు ఎత్తునుండి పడినంత దెబ్బ.

కనుక ఇంటివద్ద మార్చదలచినవారు కారును కేవలం జాకీపై ఉంచక, స్టాండులపై నిలపాలి. స్ప్రింగుకు రెండు కంప్రెసర్లను ఎదురెదురుగా తగిలించి, మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించాలి. స్ప్రింగు తన పీఠంలో వదులయ్యేవరకు స్ట్రట్టు పైనున్న నట్టును విప్పరాదు. విరిగిన చుట్టుపై కొక్కెం స్థిరంగా నిలవనిచో, ఆ పనిని వర్క్‌షాపుకు అప్పగించడమే వివేకం.