ఏ కెమేరా కొనాలి?

మా సైన్సు క్లబ్బు పిల్లలు డబ్బులు కూడబెట్టి, "మాస్టారూ, చిన్న కెమేరా చాలా? డి.ఎస్.ఎల్.ఆర్. కొనాలా?" అని అడిగారు. మీకూ ఈ సందేహం వచ్చే ఉంటుంది.

వాన కురిసేటప్పుడు వాకిట్లో ఒక గ్లాసు, ఒక పళ్లెం పెట్టి చూడండి. ఎక్కువ చినుకులు పళ్లెంలోనే పడతాయి కదూ! కెమేరాలో కాంతిని పట్టే పళ్లెం పేరు సెన్సర్. మామూలు చిన్న కెమేరాలో అది సుమారు 6 మి.మీ. పొడవు, 4.5 మి.మీ. వెడల్పు. చిటికెన వేలి గోరంత కూడా లేదన్నమాట! సాధారణ డి.ఎస్.ఎల్.ఆర్.లో సుమారు 23 మి.మీ., 15 మి.మీ. వైశాల్యాలు కట్టి చూడండి: 27, 345 చదరపు మిల్లీమీటర్లు. పన్నెండు రెట్లకు పైనే! అందుచేతనే మసక వెలుతురులో చిన్న కెమేరా తీసిన ఫోటో ఇసుక చల్లినట్లు కనబడుతుంది. దుకాణంలో మెగాపిక్సెళ్లు ఎన్నని కాక, సెన్సర్ ఎంతని అడగండి.

మంచి ఎండలో ఈ తేడా అంతగా తెలియదు. పైగా డి.ఎస్.ఎల్.ఆర్. బరువు. దూరాన ఉన్న పిట్టను తీయాలంటే వేరే లెన్సు కొనాలి. దాని ధర ఒక్కోసారి కెమేరా ధరను మించుతుంది.

మా పిల్లలకు కావలసినవి పగటిపూట చెరువు గట్టు మొక్కల ఫోటోలు. చిన్నదే కొన్నారు. మిగిలిన డబ్బుతో భూతద్దాలు తెచ్చుకున్నారు. వార్షికోత్సవం రాత్రి తీసిన నాటకం ఫోటోలు మాత్రం ఇసుక చల్లినట్లే వచ్చాయి లెండి!