జనవరి 26 వస్తే గుండెదడ

సమస్య

యానాం నుంచి ఉత్తరం రాసిన ఆవిడకు ముప్పై దాటాయి. తండ్రిది గుజరాత్‌లోని కాండ్లా రేవులో పని కావడంతో చిన్నతనం కచ్ జిల్లా గాంధీధామ్‌లో గడిచింది. 2001 జనవరి 26 ఉదయం 8.46కి బడి మైదానంలో, జెండా వందనం వరుసలో ఉంది. నేల ఊగింది, పిల్లలు ఒకరి మీద ఒకరు పడ్డారు, ప్రహరీ అవతలి అపార్ట్‌మెంటు దుమ్ములో కలిసిపోయింది. ఇంట్లోవాళ్లంతా బతికారు. పక్కవీధి స్నేహితురాలు బతకలేదు. కొన్నాళ్లు డేరాలో చలికి వణికి, కుటుంబం యానాం తిరిగొచ్చేసింది.

ఇప్పటికీ లారీ వెళ్లి కిటికీ అదిరితే ఆవిడ చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరుగెడుతుంది. భర్త కాకినాడలో మూడో అంతస్తు ఫ్లాటుకి అడ్వాన్సు ఇస్తానంటే వద్దంటోంది. కూతుర్ని రిపబ్లిక్ డే కవాతుకి తీసుకుంటే పంపనని భీష్మించింది. ‘‘ఇక్కడ భూకంపాలేంటే?’’ అని భర్త నవ్వుతాడు. ‘‘తొంభయ్యారు తుపానులో మేం పడ్డ పాట్ల ముందు అదెంతమ్మా’’ అంటుంది అత్తగారు. తనకి పిచ్చిగానీ పట్టిందా అని ఆవిడ అడుగుతోంది.

సలహా

పిచ్చి కాదు. చిన్నప్పుడు చావు అంచు చూసినవాళ్లకి ఆనాటి చప్పుడు, వాసన, చివరికి తేదీ కూడా ప్రమాద సూచికలై మిగలొచ్చు. ఒళ్లు ముందు ఉలిక్కిపడుతుంది, ఆలోచన తర్వాత వస్తుంది. దీనికి వైద్యం ఉంది.

అత్తగారి పోలికే ఒక సంగతి పట్టిస్తోంది. 1996 నవంబరు 6 తుపాను గురించి యానాంలో ఏ అరుగు మీద కూర్చున్నా మాట కలిపేవాళ్లుంటారు. అది ఊరందరిదీ. కచ్ భూకంపం మాత్రం ఈవిడ ఒక్కదానిదే అయిపోయింది. ముందు తోబుట్టువులతో, గాంధీధామ్‌లో అప్పుడున్న తెలుగు కుటుంబాలతో మాట్లాడాలి. అత్తగారితోనూ కూర్చోవచ్చు, ఎవరి కష్టం పెద్దదన్న పోటీ మానేస్తే!

ఇక కవాతు. ఆ ఉదయమే కచ్‌లోని అంజార్‌లో బడిపిల్లలు, టీచర్లు ఇరుకు వీధిలో ఊరేగింపుగా వెళ్తుంటే రెండువైపులా ఇళ్లు కూలి మీద పడ్డాయి. వాళ్ల స్మృతికి 2022లో అక్కడ వీర్ బాలక్ స్మారక్ ప్రారంభమైంది. ఈవిడ ఉన్నది ఆరుబయట. చంపినవి కట్టడాలు, నింద పడింది జెండా వందనం మీద. కూతుర్ని పంపి, తనూ వెళ్లి మైదానం అంచున నిలబడాలి. దడ వస్తుంది, కాసేపటికి దిగుతుంది. తప్పించుకున్న కొద్దీ భయం బలుస్తుంది.

భర్త కూడా కాస్త నవ్వు తగ్గించుకోవాలి. ఏళ్లుగా వాడుకలో ఉన్న భూకంప పటంలో కచ్ ఐదో జోన్ అయితే గోదావరి తీరం మూడోది. ముప్పు తక్కువే, అసలు లేదని కాదు. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూమి కంపించింది.

అందుకని ఫ్లాటు వద్దనక్కర్లేదు, నిలదీసి అడిగితే చాలు. 2001లో భూకంప కేంద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరానున్న అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లు చాలావాటికి కింద గోడల్లేవు, పార్కింగు స్తంభాలే. బిల్డరు మాట మీద ఆగకుండా స్ట్రక్చరల్ ఇంజనీరుకి ఫీజిచ్చి ప్లాను చూపించాలి. స్తంభాల్లో రింగులు దగ్గర దగ్గరగా ఉన్నాయా, కింది అంతస్తుకి తగిన బలం ఇచ్చారా అని అడగాలి.

నిద్ర చెడుతుంటే మాత్రం ఆలస్యం వద్దు. కాకినాడ ప్రభుత్వ ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అంత దూరం వెళ్లే ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఫోన్ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.