సర్వర్: బలిపీఠం వద్ద ఒకరు, కంప్యూటర్ గదిలో ఒకటి



మాదాపూర్‌లో కాపురముండే ఒక కతోలిక కుటుంబంలో "సర్వర్" అనే ఆంగ్ల పదం రోజుకు ఎన్నిసార్లు వినబడుతుందో లెక్కపెట్టి చూడండి. "సర్వర్ డౌన్ అయింది, ఈ రాత్రి రావడం ఆలస్యమౌతుంది" అని తండ్రి ఫోను చేస్తాడు. "ఆదివారం పూజకు నేనే సర్వర్‌ని" అని కుమారుడు చెబుతాడు. ఊరి నుండి వచ్చిన నాయనమ్మకు మాత్రం సర్వర్ అంటే హోటల్లో ఇడ్లీ తెచ్చిపెట్టే మనిషి. ముగ్గురిలో ఎవరి మాటా తప్పు కాదు.

ఈ పదానికి మూలం లతీను భాషలోని 'సెర్వుస్'. అర్థం: బానిస. దాని నుండి సేవచేయుట అనే క్రియ పుట్టింది. అది ఫ్రెంచివారి నోట నలిగి, 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన పిమ్మట ఆంగ్లంలోకి చేరింది. యుద్ధంలో చిక్కినవారిని చంపక కాపాడి ఉంచారు గనుక 'కాపాడుట' అనే మాట నుండే 'సెర్వుస్' వచ్చిందన్న అభిప్రాయాన్ని పునీత అగుస్తీనువారు 'దైవ నగరము' 19వ భాగంలో పేర్కొన్నారు. నేటి భాషావేత్తలందరూ దీనిని ఒప్పుకోరు. పోలీసు సార్జెంటు కూడా ఈ వంశంవాడే. కాని మనం రోజూ పిలిచే 'సర్' ఈ ఇంటివాడు కాడు. అది 'పెద్దవాడు' అనే అర్థం గల వేరొక లతీను పదం నుండి వచ్చింది. హోటల్లో కూర్చున్న సారుకూ నిలబడిన సర్వరుకూ మాటలో కూడా చుట్టరికం లేదన్నమాట!

పూజలో సర్వర్ పని మీకు తెలిసినదే. ద్రాక్షరసం, నీళ్లు అందించుట, గంట మ్రోగించుట, ధూపకలశం పట్టుట. షిలోలో ఏలీ యాజకుని వద్ద పరిచర్య చేసిన బాల సమూవేలును ఈ పిల్లలకు పూర్వికుడని చెప్పుకోవచ్చు. బాలికలను కూడా ఈ సేవకు అనుమతించవచ్చునని 1994లో రోము నుండి లేఖ వచ్చింది; నిర్ణయాన్ని ఆయా మేత్రాణులకు విడిచిపెట్టారు.

మరి కంప్యూటర్ వారికి ఈ మాట ఎలా దొరికింది? టెలిఫోను ఎక్స్ఛేంజీ దారిలో. కోపెన్‌హేగన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే గణితజ్ఞుడు, ఫోను కాల్స్ ఎలా వచ్చి పడతాయో లెక్కగట్టి 1909లో ఒక వ్యాసం ప్రకటించాడు. వరుసలో నిలబడి వేచివుండే వారిని గురించిన గణితశాస్త్రం అక్కడ మొదలైంది. ఆ శాస్త్రంలో వరుసలోనివారి పని తీర్చేవానికి 'సర్వర్' అని పేరు. బ్యాంకు కౌంటరులోని గుమాస్తాను తలచుకోండి, సరిపోతుంది. 1953లో కెండల్ అనే ఆంగ్లేయుడు ఇటువంటి వరుసలకు పెట్టిన సంకేతాలలో సర్వర్ల సంఖ్యకూ ఒక స్థానముంది. అమెరికాలో ఆర్పానెట్ రూపొందుతుండగా, 1969 నాటి పత్రాలలో ఈ పేరు కంప్యూటరుకు తగిలింది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. సర్వర్ అనేది పెట్టె పేరు కాదు, పని పేరు. ఒకే యంత్రం ఒకరికి సర్వర్, మరొకరి ముందు అడిగేవాడు కావచ్చు. అది తనంతట తాను ముందుకు దూకదు. ఎవరు అడుగుతారా అని చెవి ఒగ్గి ఉంటుంది. ఇంజనీర్లు కూడా దీనిని 'వినడం' అనే అంటారు. సమూవేలు ఆ రాత్రి చేసినది మరేమిటి?

అడిగేవానికి వారు పెట్టిన పేరు 'క్లయింట్'. ఇదీ లతీనే, కాని తలక్రిందులైన లతీను! పురాతన రోములో క్లయింటు అంటే ధనవంతుని నీడన బ్రతికేవాడు. తెల్లవారగానే యజమాని వాకిట దండం పెట్టడానికి నిలబడేవాడు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన ఈ మాదాపూర్‌లో నేడు క్లయింటే దొర. అతని పగటి కోసం మన పిల్లలు రాత్రులు మేల్కొంటున్నారు. ఆ మేల్కొన్నవారికి టీ అందించేవారు, గదులు ఊడ్చేవారు, గేటు వద్ద నిలబడేవారు ఇంకొందరున్నారు. వారిని సర్వర్లని ఎవరూ పిలవరు. ఆ మాటకు అసలు హక్కుదారులు వారేనని నా అభిప్రాయం.

పునీత పౌలు రోమీయులకు వ్రాసిన లేఖ ఆరంభంలోనే తనను క్రీస్తు దాసునిగా పరిచయం చేసుకున్నాడు. లతీను బైబులులో అక్కడున్న మాట 'సెర్వుస్'. 590 నుండి 604 వరకు పోపుగా ఉన్న పునీత గ్రెగోరివారు దేవుని సేవకులకు సేవకుడనని సంతకం చేసేవారు. బానిస పేరు బిరుదుగా మారిన చోటు ఇదే.

అయితే కొందరు తల్లిదండ్రులు "పరీక్షలున్నాయి ఫాదర్, ఈ రెండు నెలలు మావాడిని సర్వింగ్ నుండి తప్పించండి" అని అడుగుతుంటారు. చదువు ముఖ్యమే, కాదనను. కాని పరీక్షలూ పవిత్ర వారమూ తరచు దగ్గర దగ్గరగానే వస్తాయి. గురువారం సాయంత్రం పాదాలు కడిగే వేళ పళ్లెం, నీళ్లు, తువాలు పట్టడానికి కనీసం ముగ్గురు పిల్లలు కావాలి. దాని అభ్యాసానికి ఒక గంట చాలు.