మెయిలింగ్ లిస్టును కమాండ్ లైన్‌లో తట్టి చూద్దాం

మన క్లబ్ ఇ-పత్రికను వచ్చే సంచిక నుంచి మెయిలింగ్ లిస్టు ద్వారా పంపుదామని అనుకుంటున్నాం కదా. ఆ సాఫ్ట్‌వేర్‌ను ముందు ఎలా పరీక్షించాలో ఈ పాఠంలో రాస్తున్నా. సీఎస్ఈ కాని వాళ్లకు కూడా అర్థం కావాలని ప్రయత్నం.

మెయిలింగ్ లిస్టు అంటే ఒకే ఒక అడ్రస్. దానికి ఒక మెయిల్ కొడితే సభ్యులందరికీ కాపీ వెళ్తుంది. సుఖం అక్కడే ఉంది, ప్రమాదం కూడా అక్కడే ఉంది. ఒక తప్పు సెట్టింగ్ ఉంటే ఆ తప్పు కూడా అందరికీ వెళ్తుంది. మన లిస్టులో స్టూడెంట్లే కాదు, పాసై వెళ్లిన సీనియర్లు, సింగరేణిలో పనిచేసే మన అమ్మానాన్నలు కూడా ఉంటారు. రాత్రి షిఫ్ట్ చేసి పొద్దున పడుకున్న మనిషి ఫోన్ యాభైసార్లు మోగితే ఆ పత్రికను మళ్లీ ఎవరు తెరుస్తారు?

మా బాపు గోదావరిఖనిలో బాయి పని చేస్తడు. లోపలికి పోయినంక ముందుగాల రూఫ్‌ను రాడ్‌తో తట్టి చూస్తరట. "గట్టిగుంటే ఖంగుమంటది, డొల్లగుంటే శబ్దమే చెప్తది" అంటడు. టెస్టింగ్ అంటే నాకు అర్థమైంది అదే. మనుషులు కిందికి రాకముందే తట్టి చూడాలి.

ఏ సాఫ్ట్‌వేర్?

ఈ పనిని ఆటోమేటిక్‌గా చేసే లిస్ట్‌సర్వ్ 1986లోనే వచ్చింది. ఇప్పుడు ఉచితంగా దొరికేవాటిలో బాగా తెలిసింది గ్నూ మెయిల్‌మ్యాన్. దాని 3.0 వెర్షన్ 2015లో వచ్చింది. తెలుగు వికీపీడియా లిస్టు సహా వికీమీడియా లిస్టులు నడిచేది దీనిమీదే. ఫ్రీ గ్రూప్ సర్వీసులు ఉండగా ఇదెందుకు అంటారేమో. రచ్చబండ లాంటి తెలుగు సాహిత్య చర్చా గుంపులు యాహూ గ్రూప్స్‌లో ఏళ్ల తరబడి నడిచాయి. 2020 డిసెంబర్‌లో యాహూ ఆ సర్వీసునే మూసేసింది. సొంత లిస్టు ఉంటే పాత ఉత్తరాలు మన దగ్గరే ఉంటాయి.

కమాండ్లను పత్రిక కోసం తెలుగు లిపిలో రాస్తున్నా. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాలతోనే కొట్టాలి.

1. ముందు కంచె వేద్దాం

టెస్ట్ మెయిల్ ఒక్కటి కూడా మన కంప్యూటర్ దాటకూడదు. దీనికి పైథాన్‌లో ఎయిఓఎస్‌ఎమ్‌టీపీడీ అనే చిన్న ప్యాకేజీ ఉంది. దాన్ని నడిపితే 8025 పోర్ట్‌లో ఒక ఉత్తుత్తి మెయిల్ సర్వర్ లేస్తుంది. వచ్చిన ప్రతి మెయిల్‌ను ఎవరికీ పంపకుండా స్క్రీన్ మీద ప్రింట్ చేస్తుంది. మెయిల్‌మ్యాన్ కాన్ఫిగ్ ఫైల్‌లో ఎస్‌ఎమ్‌టీపీ పోర్ట్‌ను 25 నుంచి 8025కి మార్చితే కంచె పడినట్టే.

సభ్యుల అడ్రస్‌లు కూడా నిజమైనవి వద్దు. "ఎగ్జాంపుల్ డాట్ కామ్" అనే డొమైన్‌ను ఇలాంటి ఉదాహరణల కోసమే 1999లో పక్కన పెట్టారు. కంచె ఎక్కడైనా తెగినా మెయిల్ నిజమైన మనిషిని చేరదు.

2. లిస్టు, సభ్యులు

"మెయిల్‌మ్యాన్ స్టార్ట్" అంటే ప్రోగ్రామ్ మొదలవుతుంది. "మెయిల్‌మ్యాన్ క్రియేట్" తర్వాత లిస్టు అడ్రస్ ఇస్తే లిస్టు తయారు. ఒక టెక్స్ట్ ఫైల్‌లో ముగ్గురి అడ్రస్‌లు రాసి "మెయిల్‌మ్యాన్ యాడ్‌మెంబర్స్"తో చేర్చాలి. "మెయిల్‌మ్యాన్ మెంబర్స్" కొట్టి ముగ్గురూ ఉన్నారో లేదో చూసుకోవాలి. ముగ్గురు చాలు. ముగ్గురికి సరిగ్గా పనిచేయనిది మూడు వందల మందికి చేయదు.

3. చేత్తో మెయిల్ పంపడం

నాకు బాగా నచ్చిన భాగం ఇది. మెయిల్‌మ్యాన్ 8024 పోర్ట్‌లో ఉత్తరాల కోసం ఎదురుచూస్తుంటుంది. టెల్నెట్‌తో ఆ పోర్ట్‌కు కలిస్తే మనమే దానితో మాట్లాడొచ్చు. ఎల్‌హెచ్‌ఎల్‌ఓ అని పలకరించాలి. "మెయిల్ ఫ్రమ్" అని పంపేవారిని, "ఆర్‌సీపీటీ టు" అని అందుకునేవారిని చెప్పాలి. "డేటా" అన్నాక 354 అని బదులిస్తుంది, అంటే రాయమని. రాయడం అయిపోయాక ఒక లైన్‌లో ఒక్క చుక్క పెట్టాలి. లేని లిస్టు పేరు ఇస్తే 550 అని తిప్పికొడుతుంది. హెడర్లలో మెసేజ్-ఐడీ లేకపోయినా ఒప్పుకోదు.

అంతా బాగుంటే 250 వస్తుంది. ఇక్కడ ఒక విషయం గుర్తు పెట్టుకోండి. 250 అంటే మస్టర్ పడిందని మాత్రమే, బాయి దిగినట్టు కాదు. మెయిల్ క్యూలో చేరింది, అంతే. కంచె కిటికీలో అది కనిపించాలి. కనిపించకపోతే షంట్ అనే క్యూ ఫోల్డర్ చూడండి. ప్రాసెస్ చేస్తుండగా ఎర్రర్ వచ్చిన మెయిళ్లు అక్కడ ఆగుతాయి. కారణం సరిచేశాక "మెయిల్‌మ్యాన్ అన్‌షంట్" అంటే మళ్లీ బయల్దేరతాయి.

ప్రతిసారీ చేత్తో కొట్టక్కర్లేదు. మెయిల్‌ను ఫైల్‌లో రాసి "మెయిల్‌మ్యాన్ ఇంజెక్ట్"తో నేరుగా క్యూలో వేయొచ్చు. అలాంటి ఫైళ్లు పది దాచుకుంటే ప్రతి అప్‌డేట్ తర్వాత అవే మళ్లీ నడపొచ్చు.

4. ఆగాల్సినవి ఆగుతున్నాయా?

మెయిల్ వెళ్తోందా అని చూసి చాలామంది ఆపేస్తారు. అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది.

ఒకటి, సభ్యుడు కాని అడ్రస్ నుంచి పంపండి. అది అనుమతి కోసం ఆగాలి. కంచె కిటికీలో నోటీసులు రావచ్చు, ఆ మెయిల్ మాత్రం ముగ్గురికీ వెళ్లకూడదు.

రెండు, లిస్టు నుంచి బయటకు వెళ్లిన మెయిలే తిరిగి లిస్టుకు వస్తే? పట్టుకోకపోతే అది గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. లిస్ట్-పోస్ట్ అనే హెడర్ చూసి మెయిల్‌మ్యాన్ దాన్ని గుర్తుపడుతుంది. ఆ హెడర్‌లో మన లిస్టు అడ్రస్ పెట్టి పంపి చూడండి. కిటికీలో ఏమీ రాకూడదు. డిస్కార్డ్ అని లాగ్ ఫైల్‌లో ఉండాలి.

మూడు, సబ్జెక్ట్‌లో "అన్‌సబ్‌స్క్రైబ్" అని ఇంగ్లిష్‌లో రాసి లిస్టుకే పంపండి. పొరపాటున పంపారనుకుని మెయిల్‌మ్యాన్ ఆపుతుంది. ఇప్పుడు "నన్ను తీసేయండి" అని తెలుగులో పంపండి. అందరికీ వెళ్లిపోతుంది! ఆ నియమానికి ఇంగ్లిష్ మాటలే తెలుసు. మన లిస్టుకు ఇది చిన్న విషయం కాదు.

5. తెలుగు తట్టుకుంటుందా?

పాత మెయిల్ వ్యవస్థ ఇంగ్లిష్ అక్షరాల కోసమే కట్టింది. 1990ల్లో తెలుగువాళ్లు రైస్ యూనివర్సిటీలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసుకున్నది అందుకే. ఇప్పుడు యూనికోడ్ ఉన్నా సబ్జెక్ట్ లైన్‌లో తెలుగు మారువేషంలోనే ప్రయాణం చేస్తుంది. "సింగరేణి" కంటికి నాలుగు అక్షరాలు. యూనికోడ్‌లో గుణింతాలు, సున్నా కలిపి 8 సంకేతాలు. ఒక్కోటి 3 బైట్లు కాబట్టి 24 బైట్లు. బేస్64లోకి మారితే 32 అక్షరాలు.

ఇలాంటి ఒక్కో ముక్క, ముందూ వెనకా గుర్తులతో కలిపి, 75 అక్షరాలు దాటకూడదని నియమం. గుర్తులకు 12 పోతే ఒక ముక్కలో 15 తెలుగు సంకేతాలు పడతాయి. అంతకన్నా పొడుగు సబ్జెక్ట్‌ను ముక్కలు చేయాలి, అదీ ఒక సంకేతం మధ్యలో తెగకుండా. కాబట్టి "హలో" అని టెస్ట్ చేస్తే లాభం లేదు. మన సంచిక పేరు మొత్తం, ఒత్తులతో సహా పెట్టి పంపండి. కిటికీలో వచ్చినదాన్ని పైథాన్‌తో విప్పి మొదటిదానితో పోల్చండి. ఒక్క వత్తు తేడా వచ్చినా టెస్ట్ ఫెయిల్.

6. బయటకు వెళ్లే దారి

చివరిది, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది. లిస్టు పేరుకు "-లీవ్" చేర్చిన అడ్రస్‌కు ఒక సభ్యుడి పేరుతో మెయిల్ కొట్టండి. మామూలు సెట్టింగ్‌లో ఒక కన్ఫర్మేషన్ మెయిల్ వస్తుంది. దానికి రిప్లై ఇస్తేనే పేరు పోతుంది. ఇచ్చాక "మెంబర్స్" కమాండ్‌లో ఇద్దరే ఉండాలి.

ఆ కన్ఫర్మేషన్ మెయిల్‌ను ఒకసారి చదవండి. ఇంగ్లిష్‌లో ఉంటుంది. మా బాపు ఫోన్‌లో తెలుగు హాయిగా చదువుతడు, ఇది చదవలేడు. ఆయనకు ఈ తలుపు ఉండీ లేనట్టే. ప్రోగ్రామ్ ప్రకారం టెస్ట్ పాస్, మన పాఠకుడి ప్రకారం ఫెయిల్. మందు ఉంది. ఫుటర్, స్వాగతం, కన్ఫర్మేషన్ టెంప్లేట్లను లిస్టువారీగా మార్చుకోవచ్చు. "ఈ పత్రిక వద్దనుకుంటే ఈ అడ్రస్‌కు ఒక ఖాళీ మెయిల్ పంపండి, తర్వాత వచ్చే మెయిల్‌కు రిప్లై కొట్టండి" అని ప్రతి సంచిక కింద తెలుగులో ఉండాలి. మార్చాక 5వ మెట్టు మళ్లీ చేయాలి, ఎందుకంటే ఇప్పుడు టెంప్లేట్‌లో కూడా తెలుగు వచ్చింది.

క్లబ్ మిత్రులకు హోంవర్క్: ఆ మూడు టెంప్లేట్లకు తెలుగు వాక్యాలు రాసి పంపండి. కోడ్ రాకపోయినా ఫర్వాలేదు. రాశాక ఇంట్లో ఒకరికి చదివి వినిపించి, ఏం చేయాలో అర్థమైందా అని అడగండి. వాళ్లు మళ్లీ అడిగితే వాక్యం మార్చండి. కంచె తీసి లిస్టును నిజంగా మొదలుపెట్టేది ఆ తర్వాతే.